వంటింటికి బదిలీ

తీర పడవల అనుమతుల శాఖ వారి సూరాడపేట కార్యాలయంలో పెద్ద కుర్చీ ఒకటి ఉండేది. జిల్లా కేంద్రం నుంచి సంయుక్త సంచాలకులు తనిఖీకి వస్తే కూర్చోవడానికని దాన్ని ప్రత్యేకంగా ఉంచారు. ఆయన ఎప్పుడూ రాలేదు కాబట్టి కుర్చీ కొత్తదానిలాగే మెరుస్తూ ఉండేది. మార్చిలో అకాలంగా కురిసిన వానకి పైకప్పు పెచ్చు ఒకటి ఊడి సరిగ్గా ఆ కుర్చీలో పడింది. అంతకు ముందు అదే కప్పు కింద పనిచేసే ఇద్దరు ఉద్యోగుల నెత్తిమీద రోజూ సున్నం రాలుతున్నా శాఖ పట్టించుకోలేదు గానీ, కుర్చీకి జరిగిన ప్రమాదాన్ని మాత్రం చాలా తీవ్రంగా తీసుకుంది. భవనాన్ని వెంటనే ఖాళీ చేసి, మరమ్మతులు పూర్తయ్యే వరకు సిబ్బంది ఇంటినుంచే పనిచేయాలని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఇద్దరు ఉద్యోగులూ మొగుడూ పెళ్లాలే. భార్య హేమసుందరి ఆ కార్యాలయానికి సూపరింటెండెంటు. భర్త కుడుపూడి వరహాలరావు ఆవిడ కింద సీనియర్ అసిస్టెంటు. శాఖాపరమైన పరీక్షలు ఆవిడ ఎప్పుడో రాసేసింది. ఆయన రాద్దామనుకుంటూ ఉన్నాడు. సముద్రం మీదికి వెళ్లే ప్రతి పడవకీ ఏటా అనుమతి కావాలి. పడవ యజమాని పెట్టుకున్న దరఖాస్తు చూసి వరహాలరావు ఫైలు తయారు చేసేవాడు, హేమసుందరి సంతకం పెట్టేది. వేసవిలో చేపలవేట నిషేధం ముగిసి జూన్‌లో పడవలు మళ్లీ బయల్దేరే వేళకి ఈ పని అయిపోవాలి. అనుమతి లేని పడవ ఒడ్డు దాటితే నడిసముద్రంలో ఆపి వెనక్కి తోలేస్తారు.

ఇంటినుంచి పని అనేసరికి వరహాలరావు లోలోపల సంబరపడ్డాడు. లుంగీ కట్టుకుని ఫైళ్లు చూడొచ్చు, మధ్యాహ్నం వేడన్నం తినొచ్చు. అయితే సంయుక్త సంచాలకులు చిదానందం గారు ఉద్యోగులందరినీ వీడియోలో సమావేశపరిచి, ఇది సెలవు కాదని, దీని పేరు 'గృహ కార్యస్థాన నిరంతర అనుసంధాన పథకం' అని తెలియజేశారు.

"ఉద్యోగి ఎక్కడ ఉన్నాడన్నది ఇకమీదట శాఖకు ముఖ్యం కాదు. ఎక్కడ అనుసంధానమై ఉన్నాడన్నదే ముఖ్యం" అన్నారాయన, పక్కన లేని మైకుని సవరిస్తున్నట్టు చెయ్యి కదిపి. "ఇంట్లో వైఫై పెట్టించుకోవాలి. ఫోన్లో హాజరు యాప్ వేసుకోవాలి. ఆ ఫోను సదా ఒంటిమీద ఉండాలి. ఫోను కదలకుండా ఒకచోట పడి ఉంటే ఉద్యోగి నిద్రపోతున్నట్టుగానూ, నెట్ తెగిపోతే గైర్హాజరైనట్టుగానూ పరిగణించబడును."

వరహాలరావు ఇల్లు పాతకాలపుది. ముందు హాలు, దాని వెనక పడగ్గది, దాని వెనక వంటిల్లు, ఆ వెనక పెరటి వసారా, రైలు పెట్టెల్లాగా ఒకదాని తోక పట్టుకుని ఒకటి ఉంటాయి. గోడలు మూరెడు మందం. హాల్లో పెట్టిన రౌటరు సిగ్నలు పడగ్గది గుమ్మం దాకా వచ్చి, అక్కడ చెప్పులు విడిచి ఆగిపోయినట్టు ఆగిపోయేది. అది చాలనట్టు సముద్రపు గాలికి స్తంభాల మీద తీగలు ఊగి, నెట్ వస్తూ పోతూ ఉండేది. కేబుల్ అబ్బులుకి కబురు పెట్టారు.

అబ్బులు గోడలన్నీ తట్టి చూసి, పెళ్లిసంబంధం చెబుతున్నంత హుషారుగా చెప్పాడు. "ఆయ్, దీనికి ఒక్క రౌటరు సరిపోదండి. గదికోటి పెట్టుకోండి. ముందు రెండు గదులకీ ఒక కంపెనీ లైను, వెనక రెంటికీ ఇంకో కంపెనీ లైను లాగుతాను. ఇది పోతే అది ఉంటది, అది పోతే ఇది ఉంటది. మీకు నెట్ లేకపోవడం అనేదే ఉండదండి."

"రెండూ ఒకేసారి పోతే?" అంది హేమసుందరి.

"అంతగా పోతే ఇంక నేనూ లేనట్టేనండి" అన్నాడు అబ్బులు, ఆ రోజున తన ఫోను ఎత్తడన్న సంగతి ముందే చెబుతూ.

నాలుగు రౌటర్లు బిగించాడు. పేర్లేం పెట్టమంటారని అడిగితే, గందరగోళం ఉండదని వరహాలరావు హాలు, పడగ్గది, వంటిల్లు, పెరడు అని పెట్టించాడు. నాలుగింటినీ శాఖవారి యాప్‌లో నమోదు చేశాడు. హాల్లో తను, పడగ్గదిలో ఆవిడ చెరో బల్లా వేసుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ నాలుగు గదుల్లో నాలుగు ఆకుపచ్చ దీపాలూ మిణుకుమనడం చూసి, దీపావళి ముందే వచ్చినంత ముచ్చటపడ్డారు.

మర్నాడు పదకొండు గంటల వేళ వరహాలరావు కాఫీ కలుపుకుందామని లేచి వంటింట్లోకి వెళ్లాడు. జేబులో ఫోను ఒకసారి మూలిగింది. తీసి చూస్తే యాప్‌లో మెమో.

'మీరు హాలు కార్యస్థానమును ముందస్తు అనుమతి లేకుండా విడిచి, వంటిల్లు కార్యస్థానమునందు స్వచ్ఛందముగా చేరినట్లు గమనించడమైనది. మీపై ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలసినది.'

యంత్రం పొరపాటు పడిందనుకుని వరహాలరావు జిల్లా కేంద్రానికి ఫోను చేశాడు. చిదానందం గారే ఎత్తారు.

"సార్, నేను కాఫీకి వెళ్లానండి."

"కాఫీకి వెళ్లడం తప్పు కాదు వరహాలరావు గారూ. అక్కడ చేరడం తప్పు."

"చేరడమేంటండి, అది మా వంటిల్లు."

"మీకు అది వంటిల్లు. శాఖ దృష్టిలో అది హాలుతో సమానమైన ఒక స్వతంత్ర కార్యస్థానం. దాన్ని నమోదు చేసింది మీరే. ఒక కార్యస్థానం నుంచి ఇంకో కార్యస్థానానికి ఉద్యోగి మారడాన్ని ఏమంటారు?"

వరహాలరావుకి నోటికొచ్చిన జవాబులేవీ పై అధికారితో అనదగినవి కావు. 

"బదిలీ అంటారు" అన్నారు చిదానందం గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఏదో కొత్త వెలుగు కనిపెట్టిన ఆనందం వినబడింది. పాపం ఆయన చేతిలో అప్పటిదాకా ఉన్నవి కొన్ని ఊళ్లు, వాటిలో కొందరు ఉద్యోగులు. ఏడాదికోసారి వాళ్లని అటూ ఇటూ మార్చేస్తే చేతికి పనుండేది కాదు. ఇప్పుడు ఒక్కసారిగా జిల్లాలో ఉన్న ఉద్యోగుల గదులన్నీ ఆయన పాలనలోకి వచ్చిపడ్డాయి.

ఆ వారంలోనే మార్గదర్శకాలు వచ్చాయి. ఒక రౌటరు పరిధి నుంచి మరో రౌటరు పరిధికి మారడం బదిలీగా పరిగణించబడుతుంది. బదిలీ కోరే ఉద్యోగి పై అధికారి దగ్గర రిలీవింగ్ ఆర్డరు తీసుకోవాలి, కొత్తచోట జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలి. ఒక కార్యస్థానానికి ఒకటే పోస్టు. ఒకే పోస్టులో ఒకరికి మించి చేరితే ముందు చేరినవారిదే పోస్టు, తరవాత చేరినవారు ఏ హోదాలో ఉన్నా మిగులు సిబ్బంది. నమోదైన రౌటరును ఆపరాదు, తీసివేయరాదు, కదపరాదు. ఇవిగాక గదులకు తరగతులు కూడా నిర్ణయించారు. హాలు కీలక స్థానం. ప్రజలు ఉద్యోగిని అక్కడే కలవాలి. పడగ్గది అర్ధ కీలకం. వంటిల్లు సాధారణం. పెరడు మారుమూల ప్రాంతం.

హేమసుందరి నియమాల మనిషి. నిబంధన చదివాక అది బాగుందా లేదా అని ఆలోచించడం తన పరిధిలోది కాదనుకునే స్వభావం. మొగుడు వంటింట్లో మంచినీళ్లకి వెళ్లాలన్నా పడగ్గదిలో ఆవిడ బల్ల ముందు నిలబడి అడగాల్సి వచ్చేది. అక్కడ నిలబడటం కూడా పడగ్గదికి చేరినట్టవుతుంది కాబట్టి, గుమ్మం అవతలే ఆగి, చెయ్యి మాత్రం ఊపేవాడు.

"ఏవిటండీ?"

"దాహంగా ఉంది మేడమ్. రిలీవ్ చేస్తే వంటింట్లోకి వెళ్లొస్తాను."

"మీరు వెళ్తే హాలు చార్జి ఎవరు తీసుకుంటారు?"

"నీళ్లు తాగి వచ్చేస్తాను హేమా!"

"హాలు ఖాళీ పెట్టడానికి వీల్లేదు వరహాలరావు గారూ" అని, చెంబుతో నీళ్లు తనే పట్టుకొచ్చి గుమ్మం మీదినుంచి అందించేది. ఆవిడ మాత్రం పడగ్గది నుంచి వంటింట్లోకి ఎలా వెళ్లిందంటే, తనను తానే రిలీవ్ చేసుకునే అధికారం సూపరింటెండెంటుకి ఉంది.

మే నెలలో హాల్లో నెట్ మరీ మొండికేసింది. దీపం ఎర్రబడితే గంటలకొద్దీ ఎర్రగానే ఉండేది. ఆ గంటలన్నీ వరహాలరావు గైర్హాజరు లెక్కలోకి పోతున్నాయి. వంటింట్లో రెండో కంపెనీ లైను మాత్రం బంగారంలా వస్తోంది. చివరికి తెగించి, తనను వంటింటికి బదిలీ చేయవలసిందిగా దరఖాస్తు పెట్టాడు. కౌన్సెలింగు జరిగింది. చిదానందం గారు తెర మీద ఇంటి పటం పరిచి, కీలక స్థానం వదులుకుని సాధారణ స్థానం కోరుకుంటున్నందుకు అతని త్యాగాన్ని మెచ్చుకున్నారు. జిల్లా కేంద్రం సిబ్బంది వీడియోలోనే వీడ్కోలు సభ ఏర్పాటు చేశారు.

"హాలుకి వరహాలరావు గారు చేసిన సేవ మరువలేనిది" అన్నాడొక గుమాస్తా, అతన్ని ఎప్పుడూ చూసి ఎరగకపోయినా. "ఆయన లేని హాలుని ఊహించుకోలేకపోతున్నాం" అంది ఇంకొకావిడ. హేమసుందరి సూపరింటెండెంటు హోదాలో అతనికి శాలువా కప్పింది. పెళ్లిలో మామగారు పెట్టిన శాలువాయే అది. వరహాలరావుకి ఇదంతా నవ్వులాటగా ఉన్నా, లేచి హాలుకి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. శాలువాతో సహా నడుచుకుంటూ వెళ్లి, గ్యాసు పొయ్యి పక్కన జాయినింగ్ రిపోర్టు ఇచ్చాడు.

మర్నాడే బదిలీల మీద నిషేధం వచ్చింది. రాజధాని నుంచి కమిషనర్ గారే స్వయంగా జారీ చేశారు. తిరిగి ఉత్తర్వులు వెలువడే వరకు రాష్ట్రంలో ఏ ఉద్యోగీ ఏ కార్యస్థానం నుంచీ కదలరాదు. మినహాయింపు ఇవ్వగలిగింది కమిషనర్ ఒక్కరే.

నిషేధం వచ్చిన సాయంత్రానికి వంటింట్లో నెట్ పోయింది. హాల్లో దీపం పచ్చగా వెలిగింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభాల మీద వెళ్తున్నాయి. ముందు గదుల లైను బాగుచేయడానికి స్తంభం ఎక్కినవాళ్లు వెనక గదుల లైను లాగిపడేస్తారు. దాన్ని కట్టడానికి ఇంకో కంపెనీవాళ్లు ఎక్కి దీన్ని ఊడదీస్తారు. వంటింట్లో వరహాలరావుకి నెట్ ఉన్నప్పుడు పడగ్గదిలో హేమసుందరికి ఉండదు. ఆవిడకి ఉన్నప్పుడు ఇతనికి ఉండదు. ఇతను తయారు చేసిన ఫైలు గోడ అవతల మూడడుగుల దూరంలో ఉన్న ఆవిడకి చేరాలంటే ఇద్దరికీ ఒకేసారి నెట్ ఉండాలి. కాగితం మీద రాసి చేతికిద్దామా అంటే, నెట్ ద్వారా రాని ఫైలు చెల్లదని నియమం.

"ఏవండీ, పంపారా?" అని గోడ అవతలనుంచి ఆవిడ అరిచేది.

"పంపాను. తిరుగుతోంది!" అని ఇతను అరిచేవాడు. తెరమీద గుండ్రటి సున్నా తిరుగుతూనే ఉండేది.

భార్యాభర్తలిద్దరూ ఒకేచోట పనిచేయాలన్న ప్రభుత్వ విధానాన్ని గుర్తుచేస్తూ, తనను పడగ్గదికి మార్చమని వరహాలరావు ప్రత్యేక దరఖాస్తు పంపాడు. చిదానందం గారి జవాబు త్వరగానే వచ్చింది. 'ఇరువురి నడుమ గోడ ఒక్కటే అడ్డముగా ఉన్నందున, మీరు ఒకేచోట ఉన్నట్లుగానే భావించడమైనది. కార్యాలయ వేళల అనంతరం పడగ్గదిలో మీ ఉనికిపై శాఖకు అభ్యంతరము లేదు.' ఆ చివరి వాక్యం చదివి హేమసుందరి మొదటిసారి ఆ పథకాన్ని తిట్టింది. పైకి కాదు, పళ్ల మధ్య.

జూన్‌లో వేట నిషేధం గడువు తీరింది. ఒడ్డున పడవలు రంగులేసుకుని, ఇంజన్లు బాగుచేయించుకుని సిద్ధంగా ఉన్నాయి. అనుమతులు మాత్రం రాలేదు. పేర్ల నూకరత్నం అనే ఆవిడకి సొంత పడవుంది. తమ్ముళ్లు వేటకి వెళ్తే చేప బేరం ఆవిడే చూసుకుంటుంది. ఆవిడ పేటలో పదిమందిని వెంటేసుకుని వరహాలరావు ఇంటికొచ్చింది. హాలు ఖాళీగా ఉంది. ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. చుట్టూ తిరిగి వంటింటి కిటికీ దగ్గరికి వస్తే లోపల పొయ్యి పక్కన కంప్యూటరు పెట్టుకుని వరహాలరావు కూర్చున్నాడు.

"ఏటి బాబూ ఇది? లైసెన్సులు రాసీ బాబువి పొయ్యికాడ కూకున్నావేటి?"

"బదిలీ అయిందమ్మా."

"మరి హాల్లో ఎవులున్నారు?"

"ఎవరూ లేరు. ఆ పోస్టు ఖాళీ."

"ఖాళీ అయితే లేచెల్లి కూకో. నాలుగడుగులు."

"వీల్లేదమ్మా, నిషేధం ఉంది."

నూకరత్నం కాసేపు అతన్ని జాలిగా చూసింది. ఇంట్లో ఆడమనిషి మొగుణ్ని వంటింట్లో కూర్చోబెట్టి తాళం వేసిందేమోనని అనుమానం వచ్చినట్టుంది. తరవాత గొంతు మారింది. "సూడు బాబూ. పడవలో ఐసు పోయించీసినాం. అది కరిగిపోతంది. కుర్రోలు వొలలు భుజాలకేసుకుని రెండ్రోజులై ఒడ్డునే నిలబడున్నారు. పక్క జిల్లా పడవలు మా కళ్లముందరే ఎల్తన్నాయి. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నీ గోల నాకర్థం కాదు గానీ, మా ముద్దర ఎప్పుడు పడతాదో ఒక్కమాట సెప్పు."

వరహాలరావుకి కిటికీ ఊచల మధ్యనుంచి వాళ్లని చూస్తుంటే ఖైదీ ఎవరో వచ్చిన చుట్టాలెవరో తెలియనట్టుంది. ఇన్నాళ్లూ ఇది తన ఒక్కడి అవస్థే అనుకున్నాడు. ఆ పూట అన్నం మానేసి, ఆగిపోయిన ఫైళ్లు లెక్కపెట్టాడు.

పడవలవాళ్లు ఊరుకోలేదు. జిల్లా కేంద్రానికి పోయి గేటు ముందు బైఠాయించారు. దాంతో చిదానందం గారు సూరాడపేట వ్యవహారాన్ని స్వయంగా తనిఖీ చేయడానికి కార్లో బయల్దేరారు. ఇంటి ముందు జనం మూగి ఉండటం చూసి, పెరటి దారిన రమ్మంటే అలాగే వచ్చారు. దారిలో బురద తొక్కారు. పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని, పక్కనున్న తొట్టిలో నీళ్లతో కాళ్లు కడుక్కుంటూ అన్నారు.

"ఇక్కడ నా ఫోనులో నెట్ రావడం లేదే. వైఫై మాట చెప్పండి. యాప్‌లోనే మీ ఫైళ్ల స్థితి చూసి, లోపం ఎక్కడుందో తేల్చేస్తాను."

హేమసుందరి పడగ్గదిలోంచే పాస్‌వర్డు అరిచి చెప్పింది. ఆ వేళ వెనక గదుల లైను బాగానే ఉంది. చిదానందం గారి ఫోను టింగుమంది. ఆయన చిరునవ్వుతో తెర చూసి, చిరునవ్వుని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయారు.

'అభినందనలు. మీరు సంయుక్త సంచాలకుల హోదాలో పెరడు (మారుమూల ప్రాంతం) కార్యస్థానమునందు చేరియున్నారు. బదిలీలపై నిషేధము అమలులో ఉన్నందున తదుపరి ఉత్తర్వుల వరకు ఈ స్థానమును విడువరాదు.'

"ఇది సాంకేతిక లోపం" అన్నారాయన.

"అవునండి" అన్నాడు వరహాలరావు వంటింటి గుమ్మం లోపలినుంచి. గుమ్మం దాటితే తనూ పెరటికి చేరినట్టవుతుందని జాగ్రత్తగా నిలబడ్డాడు.

కమిషనర్ కార్యాలయానికి ఫోను చేస్తే, మినహాయింపు కావాలనుకునే ఉద్యోగి తన కార్యస్థానం నుంచి దరఖాస్తు చేసుకోవాలని, వరసలో ఇంకా చాలామంది ఉన్నారని చెప్పారు. కాసేపటికి కారు డ్రైవరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యగారూ, కారు జిల్లా కేంద్రం పోస్టుదండి. పెరటి పోస్టుకి కారు లేదంటున్నారండి ఆఫీసులో. మరి నన్నెళ్లిపొమ్మంటారా?" అని, పొమ్మనకుండానే వెళ్లిపోయాడు.

ఇంతలో నూకరత్నం పెరటి తలుపు తోసుకుని వచ్చింది. పెద్దాఫీసరు బండ మీద దొరికాడని తెలిసి ఆవిడ ముఖం వికసించింది.

"బాబుగారూ, తమరే వొచ్చీసినారు. ఇంకేటి, ముద్దరేసీండి."

"చూడమ్మా" అన్నారు చిదానందం గారు, కడుక్కున్న కాళ్లు పైకి పెట్టుకుని. "నేను ప్రస్తుతం పెరడులో ఉన్నాను. సముద్రం పెరడు పరిధిలోకి రాదు. ఈ స్థానానికి ఉన్న అధికారాలేమిటో నిర్ణయించవలసింది సంయుక్త సంచాలకులు."

"మరి ఆ బాబెవులు?"

"నేనే. కానీ ఆ నేను జిల్లా కేంద్రంలో ఉండాలి."

నూకరత్నం బండ పక్కన నేల మీద చతికిలబడింది. ఆవిడ వెనకొచ్చినవాళ్లూ కూర్చున్నారు. లైసెన్సులు పడేదాకా కదలమన్నారు. చిదానందం గారు కదలలేనివారు, వాళ్లు కదలమన్నవారు. పెరడు నిండిపోయింది.

వంటింట్లో వరహాలరావు పథకానికి సంబంధించిన ఉత్తర్వులన్నీ మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి ఐసు కరిగిన నీళ్ల మాట, నెలల పిల్లాడి పాలడబ్బా మాట వినబడుతున్నాయి. రౌటరును ఆపరాదు. తీసివేయరాదు. కదపరాదు. మూడోసారి చదివేటప్పుడు అతని వేలు ఒక్కచోట ఆగింది. పేరు మార్చరాదని ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నం గాలి రేగి రెండు లైన్లూ ఒకేసారి పోయాయి. అబ్బులు ఫోను ఎత్తలేదు. యాప్‌కి ఇంట్లో ఎవరూ కనబడని ఆ సమయంలో వరహాలరావు వంటింట్లోంచి పడగ్గదిలోకి, అక్కడినుంచి హాల్లోకి దర్జాగా నడిచి, గదిగదికీ తిరిగి నాలుగు రౌటర్ల పేర్లూ మార్చేశాడు. ఇన్నాళ్లుగా కడుపులో ఉన్నమాటే పేరుగా పెట్టాడు. నాలుగింటికీ ఒకటే పేరు. 'ఒకటే ఇల్లు.'

"ఏం చేస్తున్నారండీ?" అంది హేమసుందరి.

"చార్జి తీసుకుంటున్నాను" అని హాల్లో తన పాత బల్ల దగ్గర కూర్చుని, ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూశాడు.

నెట్ ముందుగా హాల్లోకే వచ్చింది. అతని ఫోను టింగుమంది. 'ఒకటే ఇల్లు కార్యస్థానమునందు మీ చేరిక నమోదైనది.' తరవాత పడగ్గదిలో హేమసుందరి ఫోను, చాలాసేపటికి వెనక లైను కుదుటపడ్డాక పెరట్లో చిదానందం గారి ఫోను మోగాయి. వాళ్లిద్దరికీ వచ్చిన సందేశం ఒకటే. 'ఈ కార్యస్థానమునకు మంజూరైన పోస్టు ఒక్కటి. మీకంటే ముందు వేరొకరు చేరియున్నందున మిమ్ములను మిగులు సిబ్బందిగా ప్రకటించడమైనది. ఈ కార్యస్థానపు సకల అధికారములు ముందు చేరిన ఉద్యోగికి సంక్రమించును.'

చిదానందం గారు అది రెండుసార్లు చదివారు. ఆ నియమం రాసింది తనే కాబట్టి తప్పు పట్టడానికి సందు దొరకలేదు. కానీ మిగులు సిబ్బందికి కార్యస్థానమంటూ ఉండదు, అంటే పెరడు విడిచి వెళ్లొచ్చు, అన్న సంగతి మెల్లగా ఆయన ముఖంలోకి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని, జనం మధ్యనుంచి తప్పుకుని, బస్సు దొరికే వైపు గబగబా నడిచారు.

వరహాలరావు ఫైలు తయారు చేశాడు. సంతకం కూడా తనదే కాబట్టి గోడ దాటించాల్సిన పని లేదు. ఒక్కొక్క అనుమతీ పడుతుంటే నూకరత్నం పడవల పేర్లు కేకేసి చెప్పింది. కుర్రాళ్లు ఒక్కొక్కరే ఒడ్డుకి పరిగెత్తారు. పొద్దు వాలకముందే ఇంజన్ల చప్పుడు మొదలైంది. హేమసుందరి డాబా మీదికెక్కి, కొంగు నడుముకి దోపుకుని, పడవలు వరసగా అల మీదికి ఎక్కడం చూసింది. కిందికి దిగొచ్చి, "నేను మిగులునా?" అంది మొగుడితో, కోపమో నవ్వో తెలియనివ్వకుండా.

"ఉత్తర్వు అలాగే ఉంది మేడమ్."

"అయితే ఇవాళ నేను వంట చేయను" అంది. ఆ పూట నూకరత్నం పంపిన ఎండుచేపల పులుసే ఇద్దరికీ భోజనం అయింది.

కథ ఇక్కడితో ఆగాల్సింది. కానీ సూరాడపేటలో ఒకే ఒక్క పూటలో అన్ని పడవలకీ అనుమతులు వెళ్లిపోయాయన్న వార్త రాజధానికి చేరింది. కమిషనర్ గారు ఆశ్చర్యపోయి కారణం ఆరా తీయించారు. మిగులుగా ఉన్న చిదానందం గారు జరిగింది ఉన్నదున్నట్టు చెబితే తనకే ముప్పని, అది తన పథకంలోని ఉన్నత దశ అని, దాని పేరు 'సంపూర్ణ ఏకీకరణ' అని నివేదిక ఇచ్చారు. కమిషనర్ గారు ముగ్ధులై, రాష్ట్రమంతటా శాఖ ఉద్యోగులందరూ, ప్రధాన కార్యాలయంతో సహా, ఇకపై రౌటర్లకి 'ఒకటే ఇల్లు' అన్న పేరే పెట్టాలని ఆదేశించారు. పెట్టారు.

ఆ ఉదయం రాష్ట్రంలోని శాఖ ఉద్యోగుల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అందరూ ఒకే కార్యస్థానంలో చేరారు. మంజూరైన పోస్టు ఒకటే. అందరికంటే ముందు చేరిన ఉద్యోగి ఒకడే. గుమాస్తాల దగ్గరనుంచి సంచాలకుల దాకా తక్కినవారంతా మిగులు. జీతం వస్తుంది గానీ మెమో ఇచ్చే అధికారం ఉండదు.

అప్పటినుంచి కోస్తా పొడుగునా ఉన్న పడవల దరఖాస్తులన్నీ వరహాలరావు బల్ల మీదికే రావడం మొదలైంది. మొదట్లో భయపడ్డాడు. తరవాత చూస్తే ఒక ఫైలు మీద సంజాయిషీ అడిగేవాడు, వెనక్కి పంపేవాడు, వివరణ కోరేవాడు లేకపోతే ఆ ఫైలుకి కావలసింది చాలా తక్కువ పని. మిగులు సిబ్బంది హేమసుందరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆ ఇంజను నంబరు తప్పు పడింది, చూసుకోండి" అని చెబుతూ ఉండేది. అధికారం లేకుండా పనిచేయడం ఇంత హాయిగా ఉంటుందని తెలియదంది. ఇద్దరూ ఇల్లంతా ఎటు కావాలంటే అటు తిరుగుతూ పనిచేశారు. ఏ ఊళ్లోనూ పడవలు ఒడ్డున ఆగలేదు.

ఒకరోజు టిఫిన్లు ముగించి ఇద్దరూ పనిలో ఉండగా ఫోను మోగింది.

"వరహాలరావు గారేనా అండీ?" అంది అవతలి గొంతు, చాలా మర్యాదగా. "నేను కమిషనర్‌ని. అంటే, కమిషనర్‌గా ఉండేవాణ్ని."

వరహాలరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తరవాత ఎందుకు నిలబడ్డాడో అర్థంకాక మళ్లీ కూర్చున్నాడు. "చెప్పండి సార్."

"ఆ పేరు గురించి ఉత్తర్వు ఇచ్చింది నేనేనండి. రద్దు చేద్దామంటే మిగులు సిబ్బందికి ఉత్తర్వులిచ్చే అధికారం లేదంటోంది యాప్. శాఖలో ఆ అధికారం మీ ఒక్కరికే ఉందట. మీరు కాస్త దయతలిస్తే, నాకెక్కడైనా చిన్న పోస్టింగు..."

ఇన్నేళ్ల ఉద్యోగంలో వరహాలరావు పై అధికారులకి దరఖాస్తులు పెట్టుకున్నాడే గానీ, వాళ్ల దగ్గర్నుంచి అందుకోలేదు. గొంతు దానంతట అదే సవరించుకుంది. వాక్యం కూడా దానంతట అదే వచ్చింది.

"మీ అభ్యర్థన అందినది సార్. విషయము పరిశీలనలో ఉన్నది."

"ఎప్పటికి తేలుతుందంటారు?"

"తగు సమయములో తెలియజేయబడును" అని మెల్లిగా ఫోను పెట్టేసి, తరవాతి పడవ కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"ఎవరండీ?" అంది హేమసుందరి.

"ఎవరో పెద్దాయన. పోస్టింగు కావాలట."

"అయ్యో పాపం" అందావిడ నిజంగానే జాలిపడి. "గాలీ వెలుతురూ వచ్చే గది ఏదైనా చూసి వేయండి."